25–5నా, 50–10నా, 90–20నా? పరీక్షల చదువుకు టైమర్ ఎంత పెట్టుకోవాలి

టైమర్ పెట్టుకుని చదువుదామని కూర్చున్నవాళ్లు మొదట ఇరుక్కునేది అంకెల దగ్గరే. ఒకరు 25 నిమిషాలంటారు, ఇంకొకరు 50, మరొకరు 90. ప్రతి అంకె వెనకా ఏదో ఒక గట్టి కారణం ఉన్నట్టే చెబుతారు. ఆ కారణాల బరువెంతో ముందు చూస్తే సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

25–5 పద్ధతి ఇటలీది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే యూనివర్సిటీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్‌ను తిప్పి పెట్టుకుని చదివాడు. ఇటాలియన్‌లో టమాటాను పొమొడోరో అంటారు. పేరు అలా వచ్చింది. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు బ్రేక్, ఇలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద బ్రేక్. 90 నిమిషాల లెక్క నిద్ర పరిశోధకుడు నథానియల్ క్లైట్‌మన్ ఆలోచన నుంచి వచ్చింది. నిద్రలో సుమారు 90 నిమిషాలకోసారి తిరిగే చక్రం మెలకువలోనూ నడుస్తుందన్నాడు. నిద్ర విషయంలో ఉన్నంత గట్టి ఆధారం మెలకువ విషయంలో లేదు. ఇక 52–17 అని ఒకటి తిరుగుతుంటుంది. డెస్క్‌టైమ్ అనే కంపెనీ 2014లో, తమ యాప్ వాడే ఆఫీసు ఉద్యోగుల్లో ముందు వరుసలో ఉన్న 10 శాతం మంది ఎలా పనిచేస్తున్నారో చూసి తీసిన సగటు అది. అదే కంపెనీ 2021లో మళ్లీ లెక్క తీస్తే 112–26 వచ్చింది. 50–10కి మాత్రం ఏ కథా లేదు. అది ఇంచుమించు మన కాలేజీ పీరియడ్.

ఇందులో ఏ ఒక్కటీ ఈఏపీసెట్‌కో (పాత ఎంసెట్) గ్రూప్స్‌కో చదివేవాళ్లను కూర్చోబెట్టి తేల్చిన అంకె కాదు. కాబట్టి ఏ అంకె గొప్పది అన్న వాదన పక్కన పెట్టి, మీరు చదివేదానికి ఏది సరిపోతుందో చూసుకోవచ్చు.

మూడు గంటల్లో ఎంత చదువు మిగులుతుంది?

సాయంత్రం 6 నుంచి 9 దాకా కూర్చున్నారనుకుందాం. 25–5 ప్రకారం, నాలుగింటి తర్వాత 15 నిమిషాల పెద్ద బ్రేక్ కూడా తీసుకుంటే, నికరంగా చదివేది 145 నిమిషాలు. 50–10లో 150. 90–20లో 160. అన్నిటికన్నా ఎక్కువకూ అన్నిటికన్నా తక్కువకూ తేడా 15 నిమిషాలే. ఒక్క 5 నిమిషాల బ్రేక్ 20 నిమిషాలకు జారిందంటే ఆ తేడా మొత్తం పోయినట్టే. అందుకే సెషన్ పొడవు గురించి ఎంత ఆలోచిస్తారో, బ్రేక్ గురించి అంతకు రెట్టింపు ఆలోచించాలి. దాని సంగతి కింద వివరంగా ఉంది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, కుదురుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది. పుస్తకం తెరిచిన మూడో నిమిషానికే విషయంలోకి దిగిపోయేవాళ్లున్నారు, పావుగంట పట్టేవాళ్లున్నారు. పావుగంట పట్టే మనిషికి 25 నిమిషాల సెషన్ ఇస్తే మిగిలేది పది నిమిషాలు.

రెండోది, ఇదే అన్నిటికన్నా ముఖ్యం, మీ పనిలో ఒక ముక్క పొడవెంత. బిట్ అయితే ఒక నిమిషం. గ్రూప్-1 మెయిన్స్‌లో పది మార్కుల జవాబయితే 12 నిమిషాలు (పేపరుకు 150 మార్కులు, 3 గంటలు, లెక్క అంతే). జనరల్ ఎస్సే అయితే గంట. సెషన్ ఎంతయినా సరే, గంట మోగే వేళకు ముక్క మధ్యలో ఉండకూడదు.

మూడోది, సమయం ఎవరి చేతిలో ఉంది. రెసిడెన్షియల్ కాలేజీలో స్టడీ అవర్ బెల్లు వార్డెన్ చేతిలో ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉన్న అమ్మకు బెల్లు ఆ పిల్ల నిద్ర.

నాలుగోది, పరీక్ష ఎంత దూరంలో ఉంది. ఆరు నెలల ముందు బాగా పనిచేసిన పద్ధతే ఆరు వారాల ముందు చెరుపు చేయొచ్చు.

25–5: మొదలుపెట్టలేని వాళ్లకు, బట్టీ పట్టే పనికి

దీని అసలు బలం ఒకటే. "25 నిమిషాలేగా" అనిపిస్తుంది, కూర్చుంటారు. వాయిదా వేసే అలవాటున్నవాళ్లకు, వదిలేసిన సబ్జెక్టును మళ్లీ పట్టుకునేవాళ్లకు ఇంతకన్నా సులువైన దారి లేదు. బాటనీ, జువాలజీ, ఇనార్గానిక్ కెమిస్ట్రీ, కరెంట్ అఫైర్స్, పాలిటీలో ఆర్టికల్స్, ఇంగ్లిష్ వొకాబ్యులరీ లాంటివి చిన్న ముక్కలుగా తెగుతాయి కాబట్టి ఇందులో ఇముడుతాయి.

25 నిమిషాలూ పుస్తకం చూస్తూ కూర్చుంటే మాత్రం దండగ. ఇలా పంచుకోండి. మొదటి నిమిషం చిట్టీ మీద రాయండి. "జువాలజీ" అని కాదు, "గుండె గదులు, కవాటాలు, బొమ్మ" అని. తర్వాత 18 నిమిషాలు చదవండి. ఆపైన పుస్తకం మూసి 5 నిమిషాలు, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. చివరి నిమిషంలో పుస్తకం తెరిచి తప్పినవాటి పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ మూసిన 5 నిమిషాలే ఇందులో ప్రాణం. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టినదాంట్లో మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. మన పరీక్ష ఎప్పుడూ వారం తర్వాతదే.

ఎక్కడ చెడుతుందంటే లెక్కల దగ్గర. ఇంటర్ సెకండియర్ ఇంటిగ్రేషన్‌లో ఈ పవర్ ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్ చేస్తున్నారనుకోండి. బై పార్ట్స్ రెండుసార్లు వేయాలి. రెండోసారికి మొదటి ఇంటిగ్రలే మళ్లీ కుడివైపు తిరిగొస్తుంది. దాన్ని ఎడమకు తెచ్చి 2తో భాగించాలి. మొదటి బై పార్ట్స్ అయ్యాక గంట మోగింది, లేచారు. తిరిగొచ్చి రెండోది వేసేటప్పుడు బ్రాకెట్ బయటి మైనస్ సంగతి తలలో ఉండదు. కాస్ గుర్తు మారిపోతుంది, లెక్క మూసుకోదు. ఎక్కడ తప్పామో వెతకడానికి ఇంకో పది నిమిషాలు. తప్పు కాన్సెప్టులో లేదు, లేచిన చోట ఉంది.

విరుగుడు రెండు రకాలు. గంట మోగాక లెక్క పూర్తి చేయడానికి 5 నిమిషాలు, ఒకే ఒక్కసారి, అదనంగా తీసుకోండి. అంతలో అయ్యేలా లేకపోతే "బ్రాకెట్ బయట మైనస్ ఉంది, లోపల బై పార్ట్స్ వేయాలి" అని తర్వాతి అడుగును అక్కడే మాటల్లో రాసి లేవండి. ఇది రోజూ జరుగుతోందంటే ఆ సబ్జెక్టుకు 25 చాలదని అర్థం. 50కి మారండి.

50–10: ఎటూ తేలనివాళ్లకు

ఏది పెట్టుకోవాలో తోచకపోతే దీంతోనే మొదలుపెట్టండి. మ్యాథ్స్, ఫిజిక్స్, ఫిజికల్ కెమిస్ట్రీ, అకౌంట్స్, రీజనింగ్, అరిథ్‌మెటిక్ అన్నీ దీనికి సరిపోతాయి. కుదురుకోవడానికి పది నిమిషాలు పోయినా 40 మిగులుతాయి. పది నిమిషాల బ్రేకులో మేడెక్కి దిగి, నీళ్లు తాగి రావచ్చు. 5 నిమిషాల బ్రేకు బాత్రూముకే అయిపోతుంది.

లెక్కల సెషన్ అయితే మొదటి 5 నిమిషాలు ఆ చాప్టర్ ఫార్ములాలు చూడకుండా రాయండి, 35 నిమిషాలు లెక్కలు చేయండి, చివరి 10 నిమిషాలు తప్పులు సరిచూసుకోండి. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టి ఇంకో రెండు లెక్కలు చేద్దామనిపిస్తుంది. ఎగ్గొట్టకండి. తప్పు లెక్కను సెషన్ అయ్యాక ఎవరూ తిరిగి చూడరు.

ఇందులో చెడేది ఎక్కువగా థియరీ. 50 నిమిషాలు ఏకబిగిన అకాడమీ పుస్తకం చదివితే 30వ నిమిషం నుంచి కళ్లు మాత్రమే నడుస్తాయి. థియరీకి 50 పెట్టుకుంటే మధ్యలో 25 దగ్గర లేవకుండానే పుస్తకం మూసి మూడు నిమిషాలు రాసుకోవాలి.

90–20: రాసే పరీక్షలకు, అది కూడా రోజుకు రెండే

వ్యాసాలు, మెయిన్స్ జవాబులు, జేఈఈ అడ్వాన్స్‌డ్ స్థాయి లెక్కలు, పాత పేపర్లు. వీటికి 50 నిమిషాలు ఇరుకు. 90లో పది మార్కుల జవాబులు ఏడు రాయొచ్చు. లేదా 20 నిమిషాలు వ్యాసానికి ప్రణాళిక వేసుకుని, గంట రాసి, పది నిమిషాలు దిద్దుకోవచ్చు. పరీక్షలో ప్రణాళికా ఆ గంటలోనే పూర్తి కావాలి కాబట్టి, చేయి తిరిగేకొద్దీ ఆ 20ని ఐదారు నిమిషాలకు తగ్గించుకుంటూ రావాలి.

అయితే ఇవి రోజుకు రెండు నిజంగా నడుస్తాయి. మూడోది చాలామందికి పేజీలు తిప్పడమే. ఉదయం రెండు 90లు అయ్యాక మధ్యాహ్నం నుంచి 50కో 25కో దిగడంలో తప్పేమీ లేదు. రోజంతా ఒకే అంకె మీద ఉండాలన్న నియమం ఎవరూ పెట్టలేదు.

20 నిమిషాల బ్రేక్ దీని బలహీనత. అది నిద్రకు సరిపోయినట్టూ ఉంటుంది, సరిపోనట్టూ ఉంటుంది. పడుకుంటే 20 నిమిషాల అలారంతోనే పడుకోండి. అరగంట దాటితే గాఢనిద్రలోంచి లేవాల్సి వచ్చి, ఇంకో అరగంట మత్తు వదలదు.

టైమర్ లేకుండా, స్టాప్‌వాచ్‌తో

నాలుగో దారి కూడా ఉంది. వెనక్కి లెక్కపెట్టే టైమర్‌కు బదులు, ముందుకు నడిచే స్టాప్‌వాచ్. ఒక పని ఎత్తుకుని అది ముగిసేదాకా, లేదా బుర్ర మొరాయించేదాకా చదవండి. ఆపిన టైము రాసుకోండి. అందులో ఐదో వంతు బ్రేక్. 40 నిమిషాలు చదివితే 8, గంట చదివితే 12.

చిన్నపిల్లలున్న తల్లులకు, కొట్లో కూర్చుని చదివేవాళ్లకు, నైట్ షిఫ్టులో ఖాళీ దొరికినప్పుడు చదివే కానిస్టేబుల్ అభ్యర్థులకు పనికొచ్చేది ఇదే. పాప 35 నిమిషాలు పడుకుంటే మీ సెషన్ 35. మధ్యలో ఆగిపోయిన పొమొడోరోలను చూసుకుని బాధపడే అవసరం ఉండదు. ఇష్టంలేని సబ్జెక్టుకు మాత్రం దీన్ని వాడకండి. 12వ నిమిషానికే "అయిపోయింది" అనిపిస్తుంది. అలాంటి సబ్జెక్టుకు బయటినుంచి మోగే గంట కావాలి.

నాలుగూ పక్కపక్కన

| | 25–5 | 50–10 | 90–20 | స్టాప్‌వాచ్ |
|---|---|---|---|---|
| సరిపోయే పని | బిట్లు, బట్టీ, రివిజన్ | లెక్కలు, ప్రాబ్లమ్స్ | జవాబులు, వ్యాసాలు, పాత పేపర్లు | ఏ పనైనా, ఇష్టమైన సబ్జెక్టు |
| కుదురుకోవడానికి పావుగంట పడితే | నష్టం | పర్వాలేదు | అనుకూలం | అనుకూలం |
| రోజుకు ఎన్ని | 8 నుంచి 12 | 5 నుంచి 7 | 2 | దొరికినన్ని |
| చెడేది ఎక్కడ | లెక్క మధ్యలో గంట | థియరీలో మత్తు | బ్రేక్ నిద్రగా మారడం | ముందే ఆపేయడం |
| భోజనం తర్వాత | మంచిది | కష్టం | వద్దు | వద్దు |

మీ పరీక్ష వేగానికి సెషన్‌ను కట్టుకోండి

రివిజన్ దశలో సెషన్‌ను నిమిషాల్లో కాకుండా ప్రశ్నల్లో కొలవడం మేలు. పరీక్షలో ప్రశ్నకు ఎంత సమయముంటుందో దాన్నిబట్టి ఒక్కో సెషన్‌కు ఎన్ని పడతాయో ఇదీ లెక్క.

| పరీక్ష | ప్రశ్నలు, సమయం | ఒక్కోదానికి | 25 నిమిషాల్లో | 50 నిమిషాల్లో |
|---|---|---|---|---|
| ఈఏపీసెట్ | 160, 180 ని. | 67 సెకన్లు | 22 | 44 |
| నీట్ | 180, 180 ని. | 60 సెకన్లు | 25 | 50 |
| జేఈఈ మెయిన్ | 75, 180 ని. | 144 సెకన్లు | 10 | 20 |
| గ్రూప్-2 (తెలంగాణ), ఒక పేపరు | 150, 150 ని. | 60 సెకన్లు | 25 | 50 |
| గ్రూప్-1 మెయిన్స్, పది మార్కుల జవాబు | | 12 నిమిషాలు | 2 | 4 |

ఈ సగటు అన్ని సబ్జెక్టులకూ సమానంగా వర్తించదు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కెమిస్ట్రీ 40 బిట్లను ఒక్క 25 నిమిషాల సెషన్‌లో ముగించగలిగితే, ఫిజిక్స్‌కు 45 ఇచ్చినా మ్యాథ్స్‌కు 110 నిమిషాలు మిగులుతాయి. అంటే బిట్టుకు 82 సెకన్లు. కాబట్టి "25 నిమిషాల్లో కెమిస్ట్రీ 40" అన్నదే మీ 25–5 సెషన్ లక్ష్యంగా పెట్టుకోండి. మొదటి వారం 28 దగ్గర ఆగిపోవచ్చు. ఎక్కడ ఆగారో రోజూ రాసుకుంటే చాలు.

బ్రేక్: అసలు గొడవంతా ఇక్కడే

టైమర్ పద్ధతి పనిచేయలేదనేవాళ్లలో చాలామందికి చదువు సెషన్ బాగానే నడిచి ఉంటుంది. బ్రేకే తిరిగి రానివ్వలేదు. దానికి మొదటి కారణం, టైమర్ ఫోన్‌లో ఉండటం. గంట ఆపడానికి ఫోన్ తీస్తారు, ఆపగానే కింద ఏడు మెసేజ్‌లు కనిపిస్తాయి. టెలిగ్రామ్‌లో కరెంట్ అఫైర్స్ గ్రూపు చూడటం కూడా చదువే అనిపిస్తుంది. ఒక రీల్ 30 సెకన్లే, కానీ ఎవరూ ఒక్కటి చూసి ఆపరు.

టైమర్ ఫోన్‌లో ఉండకూడదు. వంటింటి టైమర్, అలారం గడియారం, కౌంట్‌డౌన్ ఉన్న డిజిటల్ వాచీ, ఏదైనా సరే. ఏదీ లేకపోతే గోడ గడియారం చాలు. సెషన్‌ను ముల్లు 12 మీదో 6 మీదో ఉన్నప్పుడే మొదలుపెట్టండి, లెక్క తేలిక. స్టడీ హాల్‌లోనో లైబ్రరీలోనో గంట మోగితే పక్కవాళ్లు తిరిగి చూస్తారు కాబట్టి అక్కడ వైబ్రేషన్ వాచీ వాడుకోవాలి. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. హాస్టల్ రూములో ఇంకో గది ఉండదు కాబట్టి, స్విచాఫ్ చేసి బ్యాగు అడుగున, బట్టల కింద పెట్టండి. తీయడానికి రెండు నిమిషాల శ్రమ ఉంటే తీసే బుద్ధి పుట్టదు.

ఇక బ్రేకులో ఏం చేయాలి? లేవాలి, నడవాలి, దూరంగా చూడాలి. మంచినీళ్లు, మేడ మీద రెండు చుట్లు, ఆరేసిన బట్టలు తీయడం, మొక్కలకు నీళ్లు పోయడం. ఈ పనులన్నిటికీ ఒక ఉమ్మడి గుణముంది: వాటంతట అవే అయిపోతాయి. రీల్స్, క్రికెట్ స్కోరు, ఫ్రెండ్‌తో ఫోన్ వాటంతట అవి అయిపోవు. హాస్టల్లో ఇంకో రూముకు వెళ్లడం కూడా ఈ రెండో రకమే. టీ తాగాలంటే పెద్ద బ్రేకులోనే. 5 నిమిషాల్లో టీ కొట్టుదాకా వెళ్లి రావడం అయ్యే పని కాదు.

బ్రేకుకు లేచే ముందు తర్వాతి సెషన్ పుస్తకం తెరిచి, ఆ పేజీ మీద పెన్ను పెట్టి లేవండి. వచ్చాక "ఇప్పుడేం చదవాలి" అని ఆలోచించే రెండు నిమిషాలే మనిషిని మళ్లీ మంచం మీదకు పంపేవి.

ఎవరికి ఏది

రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లకు బ్రేక్ మీద హక్కు లేదు, సెషన్ లోపలి భాగం మీదే హక్కు. రెండు గంటల స్టడీ అవర్‌లో లేవనివ్వరు కాబట్టి సబ్జెక్టు మార్పునే బ్రేకుగా వాడుకోండి. 50 మ్యాథ్స్, 5 నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం, 50 జువాలజీ లేదా కెమిస్ట్రీ, చివరి 15 నిమిషాలు తప్పుల నోట్‌బుక్. ఆ 15 నిమిషాల్లో కొత్త చాప్టర్ ఎత్తుకోవద్దు.

ఉద్యోగం చేస్తూ గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివేవాళ్లకు ఉదయం ఒక 90, రాత్రి రెండు 25లు సరిపోతాయి. ఉదయం తేట బుర్రతో కొత్త విషయం, రాత్రి అలసటతో బిట్లు. చాలామంది దీన్ని తిరగేసి, రాత్రి పదింటికి ఎకానమీ కొత్త చాప్టర్ పెట్టుకుంటారు. నెల తర్వాత ఎకానమీ తమ వల్ల కాదనుకుంటారు. బస్సు, మెట్రో ప్రయాణం సెషన్ కింద రాదు. అందులో చిట్టీలు తిరగేయండి, లెక్కలోకి తీసుకోకండి.

పదో తరగతి పిల్లలకు 25–5 లేదా 30–5 చాలు. టైమర్ తిప్పేది పిల్లలే అయి ఉండాలి. అమ్మానాన్నలు తిప్పితే అది నిఘా అవుతుంది, పిల్లలు గంట కోసం చూస్తూ కూర్చుంటారు.

లాంగ్ టర్మ్ విద్యార్థులది (ఇంటర్ అయ్యాక అదే పరీక్షకు మళ్లీ చదివేవాళ్లది) వేరే సమస్య. అంతా ఒకసారి చదివిందే కాబట్టి 25 నిమిషాలూ "ఇది నాకు వచ్చు" అనుకుంటూ గడిచిపోతాయి. వీళ్లు మొదటి నిమిషం నుంచే పుస్తకం మూసి, బిట్లతోనే సెషన్ మొదలుపెట్టాలి. తప్పిన బిట్టుకు సంబంధించిన పేజీ మాత్రమే తెరవాలి.

పరీక్షకు ఆరు వారాల ముందు నుంచి

25 నిమిషాలకోసారి లేచే ఒంటికి మూడు గంటలు కుర్చీలో కూర్చోవడం చేతకాదు. గంటన్నర తర్వాత నడుము, మెడ, రాసే పరీక్ష అయితే వేళ్లు మొరాయిస్తాయి. కాబట్టి ఆరో వారం నుంచి వారానికి ఒక పూర్తి పేపరు, మూడో వారం నుంచి రెండు, బ్రేక్ లేకుండా రాయాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఒకే రోజు మూడేసి గంటల పేపర్లు రెండుంటాయి కాబట్టి వాళ్లు కొన్ని ఆదివారాలు రెండూ రాసి చూసుకోవాలి.

ఏ వేళకు పరీక్షో ఆ వేళకే రాయండి. ఇంటర్ పబ్లిక్ ఉదయం 9 నుంచి 12. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5. రోజూ అన్నం తిని 2 గంటలకు కునుకు తీసే నీట్ విద్యార్థికి ఆ అలవాటే మొదటి శత్రువు. ఆ ఆరు వారాలూ 2 నుంచి 5 మధ్య ఫిజిక్స్ బిట్లు పెట్టుకుని, భోజనం ఒంటిగంటలోపే, కొంచెం తక్కువగా ముగించాలి. కునుకు కావాలంటే పదకొండింటికే తీయాలి. మిగతా వేళల్లో మీ 25లూ 50లూ మామూలుగా నడుపుకోవచ్చు.

ఏడు రోజులు రాసి చూడండి

మూడు రోజులు 25–5, మూడు రోజులు 50–10, ఒకరోజు స్టాప్‌వాచ్. ప్రతి సెషన్‌కు నోట్‌బుక్‌లో ఒక గీత: మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, తిరిగొచ్చి కూర్చున్న టైము, పుస్తకం మూసి రాయగలిగిన పాయింట్లు లేదా సరైన బిట్లు. సెషన్లు ఎన్ని అయ్యాయన్న లెక్క అక్కర్లేదు. పన్నెండు టిక్కులు పెట్టుకుని ఏమీ గుర్తులేని రోజులు ఎక్కువ.

ఏడో రోజు రాత్రి రెండు నిలువు వరుసలే చూడండి. పాయింట్లు ఏ పద్ధతిలో ఎక్కువున్నాయో అది ఆ సబ్జెక్టుకు మీ పద్ధతి. సబ్జెక్టుకొకటి వచ్చినా ఇబ్బంది లేదు. తిరిగొచ్చిన టైములో పది నిమిషాల బ్రేక్ సగటున పావుగంట దాటుతుంటే మాత్రం సెషన్ అంకె మార్చొద్దు. బ్రేకులో మీరు వెళ్లే చోటు మార్చండి.